బొమ్మకి టైమ్ తెలియదు: రెండర్ ఫ్రేముల్ని సౌండ్‌తో వీడియోగా మార్చడంలో అసలు చిక్కు

రెండర్, అంటే యానిమేషన్‌ని కంప్యూటర్ ఒక్కో ఫ్రేముగా లెక్కకట్టి బొమ్మలు తీయడం, పూర్తయ్యాక ఫోల్డర్ తెరిస్తే కనిపించేది ఏంటంటే 0001 నుంచి 1440 దాకా వరసగా పేర్చిన పీఎన్‌జీ బొమ్మలు, పక్కన ఎక్కడో ఒక వేవ్ సౌండ్ ఫైల్, అంతే. ఈ 1440 బొమ్మల్లో దేన్ని తెరిచి చూసినా సైజు ఉంటుంది, రంగులుంటాయి, కానీ దాన్ని స్క్రీన్ మీద ఎంతసేపు ఉంచాలి అన్నది మాత్రం మామూలుగా ఎక్కడా రాసి ఉండదు. సౌండ్ ఫైల్ సంగతి వేరు, సెకనుకి 48000 శాంపిల్స్ (సౌండ్‌ని కొలిచిన ముక్కలు) అని దాని హెడర్‌లోనే ఉంటుంది, ఏ ప్లేయర్‌లో పెట్టినా అదే స్పీడ్‌లో నడుస్తుంది. అంటే ఒకదానికి టైమ్ తెలుసు, రెండోదానికి తెలియదు, ఈ రెండిటినీ ఒక తాటి మీదకి తేవడమే ఈ పని మొత్తం. సింక్ (బొమ్మ, సౌండ్ కలిసి నడవడం) తప్పడం, బొమ్మ స్పీడ్ మారడం, చివర్లో సౌండ్ తెగిపోవడం లాంటివాటిలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది, కానీ ఏదైనా తేడా రాగానే అందరూ ముందు కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) సెట్టింగ్స్‌లో వెతుకుతారు.

సినిమా చరిత్రలో కూడా ఇదే జరిగింది. మూకీల కాలంలో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవాళ్ళు, ప్రొజెక్టర్ స్పీడ్ కూడా థియేటర్‌ని బట్టి మారేది, బొమ్మ కొంచెం వేగంగా నడిచినా నెమ్మదిగా నడిచినా కన్ను సర్దుకుపోయేది. 1920ల చివర్లో సౌండ్‌ని ఫిల్మ్ అంచునే ప్రింట్ చేయడం మొదలయ్యాక ఆ వెసులుబాటు పోయింది, ఎందుకంటే ఫిల్మ్ స్పీడ్ కాస్త మారినా గొంతు సన్నబడిపోతుంది లేదా బొంగురుపోతుంది, చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. అలా సెకనుకి 24 ఫ్రేములు అన్నది స్థిరపడింది. ఇంకోటి ఏంటంటే ప్రొజెక్టర్‌లో బొమ్మ పడే గేటు ఒకచోట, సౌండ్ చదివే హెడ్ ఇంకోచోట ఉంటాయి కాబట్టి 35 ఎంఎం ప్రింట్ మీద సౌండ్‌ని దాని బొమ్మ కంటే దాదాపు 20 ఫ్రేములు ముందుకి జరిపి ప్రింట్ చేసేవాళ్ళు, అంటే సింక్ అనేది అప్పుడు కూడా లెక్కపెట్టి కుదర్చాల్సిన పనే.

ఇంత తలనొప్పి ఎందుకు, రెండర్ చేసేటప్పుడే నేరుగా వీడియో ఫైల్ రాసేయొచ్చు కదా అనిపిస్తుంది, బ్లెండర్ లాంటి త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ ఉంది కూడా. చిన్న ప్రివ్యూలకి అది బాగానే ఉంటుంది. కానీ ఒక్కో ఫ్రేముకి 3 నిమిషాలు పట్టే షాట్ తీసుకుంటే 1440 ఫ్రేములకి 72 గంటలు, అంటే మూడు రోజులు. మూడో రోజు 1100వ ఫ్రేము దగ్గర కరెంట్ పోయిందనుకోండి, ఎంపీ4 ఫైల్ అయితే దాని ఇండెక్స్, అంటే ఏ ఫ్రేము ఫైల్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక, చివర్లో రాస్తారు కాబట్టి ఆ ఇండెక్స్ లేని ఫైల్ మామూలుగా ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు, మొదటికే మోసం వస్తుంది. అదే విడివిడి బొమ్మలైతే 1099 దాకా ఫైల్స్ భద్రంగా ఉంటాయి, మళ్ళీ 1100 నుంచి మొదలుపెడితే సరిపోతుంది. మధ్యలో 30 ఫ్రేముల్లో ఒక లైట్ తప్పుగా వెలిగిందంటే ఆ 30 మాత్రమే మళ్ళీ రెండర్ చేసుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, పెద్ద రెండర్ ఏదైనా ముందు బొమ్మలుగానే తీయాలి, వీడియో తర్వాత సంగతి.

ఇక అసలు విషయం, ఫ్రేమ్‌రేట్. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ పనికి ఎక్కువమంది వాడే టూల్, పైకి వేరే పేరుతో కనిపించే చాలా సాఫ్ట్‌వేర్‌ల లోపల పనిచేసేది కూడా అదే. దానికి బొమ్మల వరస ఇచ్చి రేటు చెప్పకపోతే అది సెకనుకి 25 అని తనకు తానే అనుకుంటుంది, ఎర్రర్ రాదు, పెద్దగా హెచ్చరిక కూడా రాదు, వీడియో తయారైపోతుంది. యానిమేషన్ చేసింది 24కి అయితే ఏమవుతుందో ఒక తలుపు సీన్‌లో చూద్దాం. క్యారెక్టర్ తలుపుని గట్టిగా వేస్తుంది, తలుపు చౌకట్టుకి తగిలే ఫ్రేము నంబర్ 1201. నంబరింగ్ 1 నుంచి మొదలైంది కాబట్టి 1వ ఫ్రేము టైమ్ సున్నా, 1201వ ఫ్రేము టైమ్ 1200ని 24తో భాగిస్తే సరిగ్గా 50వ సెకను. సౌండ్ ట్రాక్‌లో ధడేల్ మన్న చప్పుడు కూడా 50వ సెకను దగ్గరే ఉంది. ఇప్పుడు అవే బొమ్మలు 25తో నడిస్తే 1200ని 25తో భాగించాలి, తలుపు 48వ సెకనులోనే మూసుకుంటుంది, చప్పుడు రెండు సెకన్లు ఆగి వస్తుంది, అప్పటికి క్యారెక్టర్ గదిలో నాలుగడుగులు నడిచి ఉంటుంది. మొత్తం వీడియో 60 సెకన్లకి బదులు 57.6 సెకన్లు వస్తుంది. అన్నిటికంటే ఇబ్బంది ఎక్కడంటే మొదటి రెండు మూడు సెకన్లు చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, మొదటి సెకనులో తేడా 40 మిల్లీసెకన్లే కాబట్టి ఎవరికీ తెలియదు, తెలిసేసరికి ఫైల్ అందరికీ పంపేసి ఉంటారు.

దీన్ని సరిచేయడానికి చాలామంది 24 అని చెప్తారు కానీ తప్పుచోట చెప్తారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండ్‌లో ఒక ఆప్షన్ ఇన్‌పుట్ ఫైల్ పేరుకి ముందు రాస్తే అది ఇన్‌పుట్‌కి వర్తిస్తుంది, తర్వాత రాస్తే అవుట్‌పుట్‌కి వర్తిస్తుంది. ఫ్రేమ్‌రేట్ 24 అని ఇన్‌పుట్‌కి ముందు రాయాలి. అది వదిలేసి చివర్లో అవుట్‌పుట్ దగ్గర మాత్రమే 24 అని రాస్తే టూల్ ఏం చేస్తుందంటే, బొమ్మల్ని 25 లెక్కనే చదువుతుంది, తర్వాత 25ని 24 చేయడానికి సెకనుకి ఒక బొమ్మ చొప్పున పారేస్తుంది. ఇప్పుడు వీడియో ప్రాపర్టీస్‌లో 24 అనే కనిపిస్తుంది, నిడివి మాత్రం అదే 57.6 సెకన్లు, పైగా కెమెరా మెల్లగా పక్కకి జరిగే షాట్లలో సెకనుకోసారి చిన్న కుదుపు. గంటల తరబడి రెండర్ చేసిన బొమ్మల్లోంచి 57కి పైగా ఫ్రేములు చెప్పాపెట్టకుండా మాయమైపోతాయి, ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ప్రాపర్టీస్‌లో 24 అని చూసి అంతా సరిగ్గా ఉందనే అనుకుంటారు.

ఫైల్ నంబర్లలో కూడా ఇలాంటి గోతులే ఉన్నాయి. నాలుగంకెల పేర్లు, అంటే ముందు సున్నాలతో 0001, 0002 అని ఉంటే వరస ఎప్పుడూ తప్పదు, సున్నాలు లేకపోతే అక్షరక్రమంలో పేర్చే ప్రోగ్రామ్ 1 తర్వాత 10, 100, 1000 తీసుకుని ఆ తర్వాతెప్పుడో 2 దగ్గరకి వస్తుంది, బొమ్మ పిచ్చిగా గెంతుతుంది. మధ్యలో ఒక ఫ్రేము లేకపోతే, నంబర్ ప్యాటర్న్‌తో చదివించినప్పుడు సాధారణంగా ఆ ఖాళీ దగ్గరే వీడియో ఆగిపోతుంది, అది ఒకరకంగా మంచిదే, లోపం కనబడుతుంది. అదే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసుకో అని వైల్డ్‌కార్డ్‌తో చదివిస్తే ఖాళీని పట్టించుకోకుండా తర్వాతి బొమ్మని పక్కన అంటించేస్తుంది, 731 నుంచి 742 దాకా 12 ఫ్రేములు లేవంటే అక్కడి నుంచి చివరి దాకా బొమ్మంతా అర సెకను ముందుకి జరుగుతుంది, సౌండ్ మాత్రం తన చోట తానుంటుంది. బ్లెండర్‌లో రెండు మూడు మెషిన్ల మీద ఒకే షాట్ రెండర్ చేసేటప్పుడు ప్లేస్‌హోల్డర్స్ అనే ఆప్షన్ పెడతారు, ఏ ఫ్రేము ఎవరు తీసుకున్నారో తెలియడానికి అది ముందుగా ఖాళీ ఫైల్ పెట్టి ఉంచుతుంది, ఆ మెషిన్ మధ్యలో ఆగిపోతే ఆ సున్నా సైజు ఫైల్ అలాగే ఉండిపోతుంది. లెక్క చూస్తే 1440 సరిపోతుంది, లోపల బొమ్మ ఉండదు. అందుకే ఎన్‌కోడ్‌కి, అంటే బొమ్మల్ని వీడియోగా కుదించడానికి, ముందు ఫైల్స్‌ని సైజు ప్రకారం పేర్చి మరీ చిన్నవి ఏవో ఒకసారి చూసుకోవాలి, అర నిమిషం పని.

ఇంకో సన్నటి తేడా 24కి, 23.976కి మధ్య ఉంటుంది. 1953లో అమెరికాలో కలర్ టీవీ స్టాండర్డ్ తెచ్చినప్పుడు కలర్ సిగ్నల్, సౌండ్ సిగ్నల్ ఒకదానికొకటి అడ్డం రాకుండా 30 ఫ్రేముల రేటుని వెయ్యిలో ఒక వంతు తగ్గించారు, అలా 29.97 పుట్టింది, దాని పక్కనే 23.976 కూడా. ఆ లెక్క అసలు రూపం 24000ని 1001తో భాగించడం, కాబట్టి టూల్‌లో భిన్నంగానే ఇవ్వడం మంచిది. ఒక నిమిషం క్లిప్‌లో ఈ తేడా ఒకటిన్నర ఫ్రేములు దాటదు, పది నిమిషాల సినిమాలో మాత్రం 0.6 సెకను అవుతుంది, అంటే చివర్లో పెదాలు ఒకటి, మాట ఒకటి.

ఎంత తేడా వస్తే మనిషి పట్టుకుంటాడు అన్నదానికి కొలతలు ఉన్నాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వాళ్ళ బీటీ.1359 సిఫార్సు ప్రకారం సౌండ్ బొమ్మ కంటే దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తే తెలిసిపోతుంది, వెనకపడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. ఈ రెండూ సమానంగా ఎందుకు లేవంటే, బయట ప్రపంచంలో సౌండ్ ఎప్పుడూ వెలుగు కంటే వెనకే వస్తుంది, దూరంగా ఎవరో బండ మీద బట్టలు బాదుతుంటే చెయ్యి పైకి లేచాక చప్పుడు వినబడుతుంది, మెదడు దానికి అలవాటు పడింది, చప్పుడు ముందొచ్చి దెబ్బ తర్వాత పడటం మాత్రం ప్రకృతిలో ఎక్కడా జరగదు. సెకనుకి 24 అంటే ఒక్కో ఫ్రేము 41.7 మిల్లీసెకన్లు. అంటే సౌండ్ ఒక్క ఫ్రేము ముందొచ్చినా హద్దు దగ్గరకొచ్చినట్టే, మూడు ఫ్రేములు వెనకపడినా చాలామందికి తెలియదు. కాబట్టి అడుగుల చప్పుడో దెబ్బో ఎక్కడ పెట్టాలో సందేహం వస్తే తగిలే ఫ్రేము మీదే పెట్టాలి, లేదా ఒక ఫ్రేము తర్వాత, ముందు మాత్రం పెట్టకూడదు.

సౌండ్ వైపు తయారీ అంత కష్టం కాదు. టైమ్‌లైన్‌లో ఉన్న మాటలు, మ్యూజిక్, చప్పుళ్ళు అన్నీ కలిపి ఒకే వేవ్ ఫైల్‌గా 48000 హెర్ట్జ్‌లో తీసుకోవాలి, బ్లెండర్‌లో అయితే రెండర్ మెనూలోనే రెండర్ ఆడియో అని ఉంటుంది, బొమ్మలుగా రెండర్ చేసినప్పుడు సౌండ్ వాటితోపాటు రాదు కాబట్టి ఇది విడిగా చేసుకోవాల్సిందే. 48000 ఎందుకంటే వీడియో రంగంలో అదే వాడుక, పైగా 24తో భాగిస్తే ఫ్రేముకి సరిగ్గా 2000 శాంపిల్స్, 25తో అయితే 1920, 30తో అయితే 1600, అన్నీ నిండు సంఖ్యలు. సీడీల నుంచి వచ్చిన 44100ని 24తో భాగిస్తే 1837.5 వస్తుంది, దానివల్ల ఫైల్ ఏమీ పాడవదు కానీ ఫ్రేము అంచు మీద కట్ చేసేటప్పుడు అర శాంపిల్ మిగులుతుంది. యానిమేషన్ చేస్తున్నప్పుడు వ్యూపోర్ట్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ లోపలి పని తెరలో, సింక్ చూసి మోసపోకూడదు, సీన్ బరువుగా ఉంటే ప్రతి ఫ్రేమూ చూపించే మోడ్‌లో బొమ్మ నెమ్మదిగా నడుస్తుంది, సౌండ్ తన దారిన తాను వెళ్ళిపోతుంది, దాన్ని చూసి చప్పుళ్ళని జరిపితే ఫైనల్ వీడియోలో అవన్నీ తప్పుచోట ఉంటాయి. ప్లేబ్యాక్‌ని సింక్ టు ఆడియో మోడ్‌లో పెట్టుకుంటే కొన్ని ఫ్రేములు వదిలేసినా టైమ్ మాత్రం నిజం చెప్తుంది.

టైమ్ తర్వాత ఎక్కువ దెబ్బ తగిలేది రంగుల దగ్గర. పీఎన్‌జీలో ప్రతి పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పూర్తిగా ఉంటాయి. ఎన్‌కోడర్‌కి ఏమీ చెప్పకపోతే ఆ రంగుల వివరమంతా ఉంచేసి వెలుగుని, రంగుని విడదీసి ఉంచే వైయువి444 అనే రూపంలో హెచ్.264 కోడెక్ వీడియో తయారు చేస్తుంది, అది వినడానికి మంచిగానే ఉంటుంది కానీ ఫోన్లు, బ్రౌజర్లు, టీవీల్లో చాలావరకు దాన్ని ప్లే చేయలేవు, సౌండ్ వస్తూ తెర నల్లగా ఉంటుంది లేదా ఫైలే తెరుచుకోదు. పిక్సెల్ ఫార్మాట్ వైయువి420పి అని చెప్పేస్తే ఆ సమస్య పోతుంది. ఇందులో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు మాత్రం రెండు వరసల్లో రెండేసి చొప్పున నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒకటే. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి ఎర్ర అక్షరాలతో టైటిల్ పెట్టి దగ్గరగా జూమ్ చేసి చూస్తే అంచులు నీళ్ళలో నానినట్టు కనిపిస్తాయి, అదే తెల్ల అక్షరాలైతే చురుగ్గా ఉంటాయి, కారణం ఇదే. నాలుగు పిక్సెల్స్ పంచుకోవాలి కాబట్టి వెడల్పు, ఎత్తు రెండూ సరి సంఖ్యలై ఉండాలి, 1281 లాంటి బేసి సంఖ్య ఉంటే ఎన్‌కోడర్ మొదట్లోనే ఆగిపోయి రెండుతో భాగించబడట్లేదు అని చెప్తుంది.

ఇంకా సన్నది ఒకటుంది, రంగుల్ని ఆర్‌జీబీ నుంచి వైయువికి మార్చే లెక్కల్లో రెండు రకాలున్నాయి, పాత ఎస్‌డీ టీవీకి బీటీ.601, హెచ్‌డీకి బీటీ.709. విడిగా చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ 601 లెక్కతో మార్చడం మామూలు, ఫైల్‌లో ఏ ట్యాగ్ లేకపోతే హెచ్‌డీ సైజు చూసి ప్లేయర్లు 709 అనుకుంటాయి. ఫలితం ఏంటంటే ఎరుపులు, ఆకుపచ్చలు కొద్దిగా పక్కకి జరుగుతాయి, విడిగా చూస్తే బాగానే ఉంటుంది, పీఎన్‌జీని పక్కన పెట్టి చూస్తే మాత్రం క్యారెక్టర్ చొక్కా వేరే చొక్కాలా కనిపిస్తుంది. మార్చేటప్పుడు 709 అని ఒకసారి, ఫైల్ మీద ట్యాగ్ వేసేటప్పుడు 709 అని ఇంకోసారి, రెండుచోట్లా చెప్పాలి, ఒకచోట చెప్పి ఇంకోచోట వదిలేస్తే పని సగమే అయినట్టు. ఇక పీఎన్‌జీ బదులు ఈఎక్స్‌ఆర్ అనే ఫైల్ రకంలో రెండర్ చేసినవాళ్ళకి అదనపు మెట్టు ఒకటుంది, వాటిలో వెలుగు లీనియర్‌గా, అంటే తెరకి తగ్గట్టు సర్దకుండా ఉన్నదున్నట్టుగా, ఉంటుంది కాబట్టి నేరుగా వీడియో చేస్తే నీడలన్నీ మునిగిపోయి కాంట్రాస్ట్ మొరటుగా వస్తుంది, బ్లెండర్ తెరమీద కనిపించిన ఫిల్మిక్ లేదా ఏజీఎక్స్ అనే రంగుల లుక్ ఆ ఫైల్స్‌లో ఉండదు. వాటిని మళ్ళీ బ్లెండర్‌లో బొమ్మల్ని సర్దే కంపోజిటర్‌లోంచి పంపి పీఎన్‌జీలుగా తీసుకోవడమే అన్నిటికంటే తేలిక దారి.

కంప్రెషన్ గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు కానీ ఇక్కడ తేల్చుకోవాల్సింది తక్కువే. ఒక హెచ్‌డీ ఫ్రేము కంప్రెస్ చేయకుండా 6.2 ఎంబీ, నిమిషానికి దాదాపు 9 జీబీ, కాబట్టి తగ్గించక తప్పదు. హెచ్.264 వీడియో తయారుచేసే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో సీఆర్ఎఫ్ అనే నంబర్ క్వాలిటీని పట్టి ఉంచుతుంది, మామూలుగా 23 ఉంటుంది, 18 పెడితే తేడా కంటికి దాదాపు కనబడదు, నంబర్ 6 తగ్గితే ఫైల్ సైజు సుమారు రెట్టింపు అవుతుంది. యానిమేషన్‌లో అసలు శత్రువు మాత్రం ఆకాశంలోలా రంగు మెల్లగా మారుతూ పోయే నున్నటి గ్రేడియంట్లు, 8 బిట్‌లో ఒక్కో రంగుకి మెట్లు తక్కువ కాబట్టి చారలు పడతాయి, సీఆర్ఎఫ్ ఎంత తగ్గించినా అవి పూర్తిగా పోవు, రెండర్ మీద సన్నటి గ్రెయిన్ (చిన్న చిన్న చుక్కలు) చల్లితే ఆ చారలు కరిగిపోతాయి.

చివర్లో బొమ్మ, సౌండ్ రెండూ ఒక డబ్బాలోకి వెళ్ళాలి, ఎంపీ4, ఎంకేవీ అనేవి ఆ డబ్బాల పేర్లే తప్ప కోడెక్‌ల పేర్లు కావు. అందరికీ పంపాలంటే హెచ్.264 బొమ్మ, ఏఏసీ సౌండ్, ఎంపీ4 డబ్బా. ఇక్కడ పని తగ్గించే పద్ధతి ఏంటంటే బొమ్మని ఒకసారి బాగా ఎన్‌కోడ్ చేసి పక్కన పెట్టుకోవడం, తర్వాత మ్యూజిక్ పదిసార్లు మారినా బొమ్మని కాపీ అని చెప్పి సౌండ్ మాత్రమే కొత్తది కలపడం, అది కొన్ని సెకన్లలో అయిపోతుంది, బొమ్మ క్వాలిటీ అణువంత కూడా తగ్గదు. షార్టెస్ట్ అనే ఆప్షన్‌ని చాలామంది అలవాటుగా పెట్టేస్తారు, అది రెండిట్లో చిన్నదాని దగ్గర ఫైల్‌ని ఆపేస్తుంది, మ్యూజిక్ చివర మెల్లగా సన్నబడే తోక బొమ్మ కంటే ఒక సెకను పొడుగుంటే ఆ తోక కత్తిరించేస్తుంది. దాని బదులు చివర్లో నల్ల ఫ్రేములు ఇంకో 48 రెండర్ చేసి పెట్టుకుంటే మ్యూజిక్ దానంతట అదే ఆగుతుంది. ఎంపీ4 ఇండెక్స్ చివర్లో ఉంటుందని పైన అనుకున్నాం కదా, ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్ దాన్ని ఫైల్ మొదటికి తెస్తుంది, నెట్‌లో పెట్టినప్పుడు మొత్తం డౌన్‌లోడ్ కాకుండానే ప్లే మొదలవుతుంది.

తయారైన ఫైల్‌ని చూసేటప్పుడు మొదటి నుంచి చూడటం కంటే చివరి దెబ్బ దగ్గరికి వెళ్ళి చూడటం మేలు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే అది రేటు తప్పు. మొదటి నుంచి చివరిదాకా ఒకే కొలత తేడా ఉంటే సౌండ్ మొదలయ్యే చోటు తప్పు, ఫ్రేము 0 నుంచా 1 నుంచా అన్న దగ్గర జారినా, సౌండ్ ఫైల్ ముందు ఖాళీ మిగిలినా ఇలాగే అవుతుంది. ఒకచోటి దాకా బాగుండి అక్కడి నుంచి తేడా మొదలై అలాగే ఉండిపోతే ఆ చోట ఫ్రేములు లేవన్నమాట. సినిమావాళ్ళు దీనికి టూ పాప్ అని వాడతారు, సినిమా మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము నిడివి బీప్, దాంతోపాటు తెరమీద అదే ఒక్క ఫ్రేములో ఒక గుర్తు, అయిపోయిన రెండు సెకన్లకి ఇంకోటి. టెస్ట్ ఫైల్‌లో ఈ రెండూ పెట్టి ఎడిటర్‌లోకి తెచ్చి వేవ్‌ఫార్మ్ చూస్తే బీప్ ఏ ఫ్రేము మీద పడిందో కంటితోనే కనిపిస్తుంది. చెవితో చూసేటట్టయితే వైర్ ఉన్న హెడ్‌ఫోన్స్ వాడాలి, బ్లూటూత్‌వి సౌండ్‌ని ఆలస్యంగా ఇస్తాయి, కొన్ని ప్లేయర్లు దాన్ని సరిచేస్తాయి, కొన్ని చేయవు, ఆ తేడాని ఫైల్‌లో ఉందనుకుని సౌండ్‌ని ముందుకి జరిపితే స్పీకర్లలో వినేవాళ్ళందరికీ తలుపు మూసుకోకముందే చప్పుడు వినిపిస్తుంది.